ఎంత దూరం నుంచి చూద్దాం?

అక్టోబరు వచ్చి మధ్య భారతంలో అడవుల గేట్లు తెరుచుకోగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. చేసేవారిలో ఎక్కువమంది రాజకీయాల గురించి నాతో ఏళ్ల తరబడి వాదిస్తున్న మిత్రులే. ఆ నెలలో మాత్రం వారి ప్రశ్న మారుతుంది. "తాడోబాకు బుక్ చేశాం, ఏ కెమెరా కొనమంటారు?" "కాన్హాకు ఆరు వందల లెన్స్ లేకుండా వెళ్తే దండగటగా?" ఎన్నికల వార్తల కోసం విదర్భకూ, మహాకోశలానికీ వెళ్లిన ప్రతిసారీ ఒకటి రెండు రోజులు మిగుల్చుకుని అడవిలో గడపడం నాకు పాతికేళ్ల అలవాటు. అందువల్ల నేనేదో నిపుణుడినని వారి నమ్మకం. నిపుణుడిని కాను. కానీ ఆ ప్రశ్నకు బదులుగా నేనొక ప్రశ్న వేస్తాను: "పులికి ఎంత దూరంలో ఆగాలనుకుంటున్నారు?"

వినేవారికి ఇది డొంకతిరుగుడు జవాబులా తోస్తుంది. నిజానికి పరికరాల ఎంపిక మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. లెన్స్ పొడవు ఎంతన్నది మనం జంతువుకు ఎంత చోటు వదులుతామన్న దానికి కొలమానం. కెమెరా దుకాణంలో ఈ సంగతి ఎవరూ చెప్పరు.

మొదట బైనాక్యులర్ సంగతి చెబుతాను. సఫారీకి డబ్బు ఖర్చు పెట్టదలచినవారు మొదటి రూపాయి దానిమీదే పెట్టాలని నా అభిప్రాయం. ఉదయం సఫారీ నాలుగు గంటలకు అటూ ఇటూగా సాగుతుంది. పులి కనిపిస్తే, అదీ అదృష్టం బాగుంటే, కొన్ని నిమిషాలు. మిగిలిన సమయమంతా ఏం చేస్తాం? కెమెరా మాత్రమే తెచ్చుకున్నవారు పులి కోసం ఎదురుచూస్తూ విసుగు చెందుతారు. బైనాక్యులర్ ఉన్నవారికి ఆ నాలుగు గంటలూ అడవి కనిపిస్తూనే ఉంటుంది. కొమ్మ మీద కూర్చుని ఒకే దిక్కుకు చూస్తున్న కొండముచ్చు, తోక నిక్కబొడిచి నేలను కాలితో తడుతున్న కణుజు, వెదురు పొదల వెనక కదిలే అడవిదున్న వీపు, ఇవన్నీ దాని పరిధిలోకి వస్తాయి. పులి రాకను ముందుగా చెప్పేవి కూడా ఇవే.

బైనాక్యులర్ మీద 8×42 అని రాసి ఉంటే, ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, ముందున్న కటకం వ్యాసం 42 మిల్లీమీటర్లని అర్థం. రెండో అంకెను మొదటి అంకెతో భాగిస్తే వచ్చేది కంటికి చేరే కాంతి పుంజం వెడల్పు. 8×42లో అది ఐదు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. 10×42లో 4.2. జేబులో పట్టే 10×25లో రెండున్నర మాత్రమే. తెల్లవారుజామున మన కంటిపాప ఐదు మిల్లీమీటర్లో, అంతకు మించో విప్పారి ఉంటుంది. కాబట్టి పులులు తిరిగే ఆ మసక వేళలో 8×42 ఇచ్చే కాంతిని చిన్న బైనాక్యులర్ ఇవ్వలేదు. రెట్లు పెరిగిన కొద్దీ చేతి వణుకూ అన్ని రెట్లు పెరుగుతుంది. కనిపించే వైశాల్యం తగ్గుతుంది. ఊగే జిప్సీలో కూర్చుని చూసేవారికి పది కన్నా ఎనిమిదే నయం. కళ్లద్దాలు పెట్టుకునేవారు ఐ రిలీఫ్ కనీసం 15 మిల్లీమీటర్లు ఉన్నదే తీసుకోవాలి. లేకుంటే చూపు అంచులు నల్లగా కత్తిరించినట్టు కనిపిస్తాయి. నీరు చొరకుండా, లోపల నైట్రజన్ వాయువు నింపినదైతే చలి ఉదయాల్లో కటకం లోపల మసకబారదు. పదిహేను, ఇరవై వేల రూపాయలకు మంచి బైనాక్యులర్ దొరుకుతుంది. కొన్నాక కుడి కంటి దగ్గరుండే డయాప్టర్ చక్రాన్ని మీ చూపుకు సరిచేసుకోండి. చాలామంది ఈ చిన్న పని చేయకుండానే బైనాక్యులర్ బాగోలేదని పక్కన పడేస్తారు.

ఇక లెన్స్. ఇక్కడ కాస్త గుణకారం తప్పదు. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. దాన్ని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, జంతువుకున్న దూరంతో గుణిస్తే ఫోటోలో ఎంత వెడల్పు పడుతుందో తెలిసిపోతుంది. పులికి 20 మీటర్ల దూరంలో ఉన్నామనుకుందాం. 600 మిల్లీమీటర్ల లెన్స్‌లో 1.2 మీటర్ల వెడల్పు మాత్రమే పడుతుంది. అంటే ముఖం, భుజం. 400లో 1.8 మీటర్లు. 200లో 3.6 మీటర్లు, తోకతో సహా సుమారు మూడు మీటర్లుండే మగపులి అందులో ఇమిడిపోతుంది. అదే పులి 60 మీటర్ల దూరంలో ఉంటే 600 లెన్స్‌లో సరిగ్గా 3.6 మీటర్లు పడుతుంది.

ఆ 20 మీటర్లు నేను ఊరికే ఎంచుకున్న అంకె కాదు. జాతీయ పులుల సంరక్షణ సంస్థ 2012లో జారీ చేసిన పర్యాటక మార్గదర్శకాల ప్రకారం వాహనానికీ వన్యప్రాణికీ మధ్య ఉండవలసిన కనీస దూరం అది. రెండు వాహనాల మధ్య 50 మీటర్లు ఉండాలని కూడా అవే చెబుతున్నాయి. ఆ ఏడాది జులైలో సుప్రీంకోర్టు కోర్ ప్రాంతాల్లో పర్యాటకాన్నే తాత్కాలికంగా నిలిపివేసి, మార్గదర్శకాలు వచ్చాక అక్టోబరులో అనుమతించింది. అంటే ఆ దూరం కోర్టు మెట్లెక్కి దిగిన దూరం. కనీస దూరం పాటించినా 200 లెన్స్ పులి నిండు రూపాన్ని ఇస్తుంది. 400 ఉంటే 40 మీటర్ల అవతలే ఆగి అదే ఫోటో తీయవచ్చు. జూమ్ చాలని చోట మనిషి చేసే పని ఒకటే: డ్రైవరు భుజం తట్టి "ఇంకాస్త ముందుకు" అనడం.

అందుకే నా సలహా మధ్యస్థంగా ఉంటుంది. పులి, ఎలుగు, దుప్పి వంటి జంతువుల కోసమైతే 100–400 జూమ్ చాలు. పక్షులే ప్రధానమైతే 150–600 లేదా 200–600 తీసుకోండి. ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సరున్న కెమెరాలో 400 లెన్స్ దాదాపు 600లా చూపిస్తుంది. ఖర్చూ బరువూ రెండూ తగ్గుతాయి. నేను వాడేది ఆ జంటే. జూమ్ కాని పెద్ద 600 ఎఫ్4 లెన్స్ ధర పది లక్షల పైమాట, బరువు మూడు కిలోలు. దాని గొప్పతనం కాంతిలో ఉంది. ఎఫ్6.3 కన్నా ఎఫ్4 దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువ వెలుగును లోనికి తెస్తుంది. వృత్తిగా చేసేవారికి, సూర్యోదయానికి ముందు పదిహేను నిమిషాలే బతుకుతెరువైన వారికి ఆ తేడా విలువైనదే. ఏడాదికి మూడు రోజులు అడవికి వెళ్లేవారు ఐఎస్‌ఓను 1600 నుంచి 4000కు పెంచుకుంటే ఆ లోటు తీరుతుంది. నేటి సెన్సర్లు ఆ మాత్రం ఐఎస్‌ఓను ఇబ్బంది లేకుండా భరిస్తాయి. అంతకీ పెద్ద లెన్స్ మోజు తీరాలంటే హైదరాబాదులోనూ, బెంగళూరులోనూ రోజువారీ అద్దెకు దొరుకుతాయి. ముందు ఒక ప్రయాణం అద్దె లెన్స్‌తో చేసి చూడండి.

జిప్సీలో ట్రైపాడ్‌కు చోటుండదు. ఖాళీ బీన్‌బ్యాగ్ ఒకటి సంచిలో వేసుకుని, దిగిన ఊళ్లో కిరాణా కొట్టులో రెండు మూడు కిలోల బియ్యం కొని నింపుకోండి. జీపు కడ్డీ మీద దాన్ని పరిచి లెన్స్ ఆనిస్తే అంతకు మించిన ఆధారం లేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆ బియ్యం బస చేసిన చోట వంటింట్లో ఇచ్చి రావచ్చు. ఇంజను నడుస్తుంటే ఫోటో కదులుతుంది, కాబట్టి ఆపమని అడగండి. ఎర్రమట్టి దారుల్లో లెన్స్ మార్చకండి. ఒక్క క్షణంలో సెన్సరు మీద దుమ్ము చేరుతుంది. దారి పొడవునా కెమెరా మీద ఒక తువ్వాలు కప్పి ఉంచండి. జనవరి ఉదయాల్లో బ్యాటరీలు త్వరగా నీరసపడతాయి. అదనపు బ్యాటరీని లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా పెట్టుకోండి. నడుస్తున్న పులికి సెకనులో 500వ వంతు షట్టర్ వేగం, పరుగెత్తే జింకకు 1600వ వంతు, ఎగిరే పక్షికి 2000వ వంతు ఉండాలి. మిర్రర్‌లెస్ కెమెరా అయితే షట్టరు చప్పుడును పూర్తిగా ఆపేయండి. ఫ్లాష్ మాటే తలపెట్టకండి. సెల్‌ఫోన్ ఉందిగా అనేవారికి ఒక మాట: పులుల కోర్ ప్రాంతపు పర్యాటక మండలాల్లో మొబైల్ ఫోన్ల వాడకాన్ని సుప్రీంకోర్టు 2025 నవంబరులో కార్బెట్ కేసులో ఇచ్చిన ఆదేశాలతో నిషేధించింది.

ఇంతవరకూ చెప్పినది పరికరాల సంగతి. ఆ పరికరాలు జీపులో ఉన్న మనుషుల మధ్య ఏం చేస్తాయన్నది నన్ను ఇంకా ఎక్కువగా ఆలోచింపజేసింది. చంద్రపూర్ జిల్లాలో ఒక చలికాలపు ఉదయం నా జీపులో గైడుగా వచ్చిన గోండు యువకుడు నాకన్నా ముందే అన్నీ చూసేవాడు. అతని చేతిలో బైనాక్యులర్ లేదు. నాది అతనికిచ్చాను. చెరువు అవతలి గట్టున గడ్డిలో పడుకున్న ఆడపులి చెంప మీద చారలు చూసి, అది ఎవరి కూతురో, తల్లి ఏ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిందో చెప్పాడు. మాది ఒక్కటే వాహనం. దాదాపు నూట యాభై మీటర్లు. నా లెన్స్‌లో అది గడ్డిలో పసుపు మరక. ఇంకాస్త దగ్గరికి దారి ఉందా అని అడగలేదు. అడగకపోవడం అతనికి వింతగా తోచినట్టుంది. కాసేపటికి అతనే హిందీలో అన్నాడు: "పులి కనబడకపోతే టిప్పు తగ్గుతుంది సాబ్. దారి దాటి దగ్గరికి తీసుకెళ్తే జరిమానా, కొన్నాళ్లు పని ఉండదు. ఈ రెండింటి మధ్యే మా బతుకు."

ఈ మాటను ఢిల్లీలో ఏ పర్యావరణ సదస్సులోనూ నేను వినలేదు. నియమం కాగితం మీద ఉంటుంది. దాన్ని మోసేది రోజుకూలీకి దగ్గరగా ఉండే ఒక మనిషి. దాన్ని మీరమని అడిగేది లక్షల రూపాయల కెమెరా పట్టుకున్న మరో మనిషి. శిక్ష పడేది మాత్రం మొదటివాడికే. 2024 డిసెంబరు 31న మహారాష్ట్రలోని ఉమ్రేడ్–పౌనీ–కర్‌హాండ్లా అభయారణ్యంలో ఐదు పిల్లలతో దారి దాటుతున్న ఆడపులిని సఫారీ వాహనాలు రెండు వైపులా అడ్డగించిన దృశ్యం దేశమంతా చూసింది. బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం తనంత తానుగా విచారణ చేపట్టింది. డ్రైవర్ల మీద, గైడ్ల మీద చర్యలు వెంటనే వచ్చాయి. ఆ వాహనాల్లో కూర్చుని కెమెరాలు ఎత్తినవారి ఆశే కదా ఆ చక్రాలను కదిలించింది? దగ్గరితనానికి గిరాకీ ఉన్నంతకాలం దాన్ని అమ్మేవాడు ఉంటాడు. దేశ రాజధానిలో నా వృత్తికీ ఇది కొత్త పాఠం కాదు. అధికారానికి మరీ దగ్గరగా కూర్చున్న విలేకరి ఫ్రేములో నాయకుడి ముఖం మాత్రమే పడుతుంది. అతను నిలబడిన నేల పడదు.

అడవిలో కెమెరాకు ఒక గౌరవనీయమైన చరిత్ర కూడా ఉంది. 1920లలో ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ అనే బ్రిటిష్ అటవీ అధికారి, తోటివారంతా తుపాకులతో తిరుగుతున్న కాలంలో, దారికి అడ్డంగా తీగ కట్టి, పులి కాలు తగిలినప్పుడు దానంతటదే ఫోటో తీసే ఏర్పాటు చేశాడు. 1927లో ఆ ఫోటోలతో పుస్తకం వెలువడింది. ఆయన ప్రభావంతోనే జిమ్ కార్బెట్ తుపాకీ నుంచి కెమెరా వైపు మళ్లాడు. ఆ తీగకు వారసురాలే నేటి కెమెరా ట్రాప్. చెట్టుకు మోకాలి ఎత్తున కట్టిన చిన్న పెట్టె. ఒంటి వేడినీ కదలికనూ పసిగట్టి ఫోటో తీస్తుంది. దారికి ఇరువైపులా ఎదురెదురుగా రెండు కడతారు, ఎందుకంటే పులి కుడి పక్క చారలూ ఎడమ పక్క చారలూ ఒకేలా ఉండవు.

ఈ పెట్టె ఒక ప్రభుత్వ అబద్ధాన్ని బయటపెట్టడానికి తోడ్పడింది. దశాబ్దాల పాటు మన పులుల లెక్క పాదముద్రల మీద నడిచింది. అచ్చులు తీసేదీ, లెక్క చెప్పేదీ, ఆ లెక్కను బట్టి మెప్పు పొందేదీ ఒకే శాఖ. రాజస్థాన్‌లోని సరిస్కాలో 2004లో 16 నుంచి 18 పులులున్నాయని అధికారిక లెక్క. 2005 ఆరంభంలో అక్కడ ఒక్కటీ లేదన్న వార్త పత్రికలో వచ్చింది. విచారణలో అదే నిజమని తేలింది. ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రభుత్వం సునీతా నారాయణ్ అధ్యక్షతన కార్యదళాన్ని నియమించింది. అంతకు పదేళ్లకు పైగా ముందే నాగరహొళెలో ఉల్లాస్ కారంత్ కెమెరా ట్రాప్‌లతో, గణాంక శాస్త్రంతో పులులను అంచనా వేసే పద్ధతిని చూపించి ఉన్నారు. దేశం ఆ దారికి వచ్చాక, 2001–02లో 3,642గా చెప్పుకున్న సంఖ్య 2006 అంచనాలో 1,411కు పడిపోయింది. 2018 గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టి దాదాపు మూడున్నర కోట్ల ఫోటోలు తీశారు. 2022 అంచనా 3,682. సంఖ్య పెరిగింది. అంతకు మించి, ఆ సంఖ్యను నిలదీయడానికి ఒక ఆధారం ఏర్పడింది. పది లక్షల లెన్స్ తీసిన ఏ అందమైన ఫోటో కూడా మన ప్రజాస్వామ్యానికి ఇంత మేలు చేయలేదు.

అయితే ఆ పెట్టెకూ మనుషులు కనిపిస్తారు. కార్బెట్ ప్రాంతంలో కట్టెల కోసం, గడ్డి కోసం అడవికి వెళ్లే మహిళలను ఈ కెమెరాలు ఎలా వెంటాడుతున్నాయో, కాలకృత్యానికి కూర్చున్న ఒక మహిళ ఫోటో ఎలా చేతులు మారి ఊరికెక్కిందో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ అధ్యయనం ఒకటి 2024లో వెల్లడించింది. జంతువుకు 20 మీటర్ల మర్యాద రాసిన వ్యవస్థ ఆ మహిళకు ఎంత దూరం రాసింది? మన దగ్గరా ఈ ప్రశ్న ఉంది. తాడోబాలో పెరిగిన పులులు దక్షిణానికి దిగి కాగజ్‌నగర్ అడవుల మీదుగా కవ్వాల్ వైపు వస్తాయి. ఆ దారిని పరిరక్షణ ప్రాంతంగా ప్రకటిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2025లో ఇచ్చిన ఉత్తర్వును ఆదివాసుల నిరసనతో నిలుపుదల చేయవలసి వచ్చింది. నల్లమలలో పులి జాడ తెలిసిన చెంచులు అటవీ శాఖకు కాపలాదారులుగా పనిచేస్తున్నారు. అదే నల్లమలలో వారి పెంటల భవిష్యత్తు చర్చల్లో నలుగుతోంది. పులికి దారి, మనిషికి ఇల్లు, రెండూ ఒకే పటం మీద గీయవలసినవి. మన లెన్స్ పులి ముఖానికే బిగుసుకుపోతే ఆ పటం ఎన్నటికీ ఫ్రేములోకి రాదు.

అందువల్ల నన్ను అడిగేవారికి నేనిచ్చే జాబితా చిన్నది. ముందు ఇంట్లో తలా ఒకటి కాకపోయినా ఇద్దరికొకటి చొప్పున 8×42 బైనాక్యులర్. తరువాత ఒక బీన్‌బ్యాగ్, ఒక తువ్వాలు, ఒక అదనపు బ్యాటరీ. ఆ తరువాత, కెమెరా ఉన్నవారికి 100–400 లెన్స్. లేనివారు ఈసారికి అద్దెకు తెచ్చుకోవచ్చు, లేదా కెమెరా లేకుండానే వెళ్లవచ్చు. జీపు ఎక్కగానే గైడుతో, డ్రైవరుతో మొదటి మాటగా చెప్పండి: "పులి కనిపించినా కనిపించకపోయినా మీకు ఇవ్వవలసింది ఇస్తాం. దూరం మీరు చెప్పినంతే." ఈ వాక్యం ఖరీదు రెండు మూడు వందల రూపాయలు ఉంటుందేమో. ఆ తరువాత మీ బైనాక్యులర్ కాసేపు అతని చేతికివ్వండి. అతను ఎటు చూస్తున్నాడో గమనించండి. అడవిలో మీరు చూడవలసినవి ఎక్కువగా ఆ దిక్కునే ఉంటాయి.